ఆ ముద్దాయిని నేనే

నా పేరు ఇక్కడ రాయడం లేదు. సిగ్గుపడి దాస్తున్నానని అనుకోవద్దు. మా ఊళ్లో ఆ పేరు రాస్తే ఎంతమందికి తగులుతుందో లెక్కలేదు. తిరుపతిలో మగబిడ్డ పుడితే పేరు కోసం పుస్తకాలు తిరగేయరు, కొండ వైపు చూస్తారు. శ్రీనివాసులు, వెంకటేశు, వెంకటరమణ, బాలాజీ, గోవిందు, ఏడుకొండలు. నా పేరు వీటిలో ఒకటి, మా నాన్న పేరు ఇంకొకటి. వీధిలో నిలబడి నా పేరు పిలిస్తే ముగ్గురు తిరిగి చూస్తారు. అందులో ముచ్చటే తప్ప ప్రమాదం ఉంటుందని 2024 జూన్ దాకా నాకు తోచలేదు.

ఆ నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం కొర్లగుంటలో మా ఇంటి ముందు ఒక అబ్బాయి బండి ఆపాడు. ఇరవై మూడేళ్లుంటాయి. చేతిలో మడతలు పడి నలిగిన కాగితాలు. నా పేరు, మా నాన్న పేరు కలిపి పలికి, మీరేనా అన్నా అని అడిగాడు. అవునన్నాను.

"నా పేరు కూడా అదే అన్నా. మా నాన్న పేరు కూడా అదే" అన్నాడు.

కాగితాలు నా చేతికిచ్చాడు. మొదటి పేజీలో కేసు నంబరు, దాని కింద ఇద్దరు ముద్దాయిల పేర్లు. రెండో పేరు నాది. అది నా తీర్పు. ఐదేళ్ల కిందట కోర్టు హాల్లో నిలబడి విన్నదే. ఆ రోజు చెవులు దిబ్బడ వేసి సగం మాటలు వినపడలేదు. ఇప్పుడు ఎవరో ముక్కుమొహం తెలియని కుర్రవాడు దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాడు.

వాడిది చంద్రగిరి. ఏడాదికి పైగా తిరుపతి టౌనులో భోజనాలు చేరవేసే పని చేస్తున్నాడు. కంపెనీ రైడర్లందరి వివరాలూ మరోసారి తనిఖీ చేయించింది. కోర్టు రికార్డు దొరికిందంటూ వాడి ఐడీ, అంటే యాప్‌లో పని చేసుకునే ఖాతా, ఆపేశారు. నాకు ఏ కేసూ లేదని మూడుసార్లు రాశాడు. మూడుసార్లూ ఒకే జవాబు అక్షరం మారకుండా వచ్చింది. చివరికి ఇంటర్నెట్ సెంటరులో ఎవరో కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ సైటులో వాడి పేరు కొట్టి చూస్తే ఈ కేసు కనిపించింది. తీర్పు దించుకుని, అందులోని చిరునామా పట్టుకుని, వీధి వీధీ అడుగుతూ వచ్చాడు.

"ఈ కేసు మీదేనా అన్నా?"

వాడి గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది.

నేను చేసినది చెబుతాను. 2017లో బస్టాండుకు దగ్గరలో చిన్న సెల్‌ఫోన్ రిపేరు దుకాణం నడిపేవాణ్ణి. నాకు అప్పుడు ఇరవై ఆరేళ్లు. ఒకతను అప్పుడప్పుడూ ఫోన్లు తెచ్చేవాడు. బిల్లు లేదు, పెట్టె లేదు, ఛార్జరు లేదు. ఎనిమిది వందలు, వెయ్యి, పన్నెండు వందలు ఇచ్చి తీసుకునేవాణ్ణి. దొంగసొత్తని తెలియదని పోలీసులకు చెప్పాను, లాయరుకు చెప్పాను, మా అమ్మకు చెప్పాను. తెలుసు. మొదటి ఫోనుతోనే తెలుసు. యాత్రికుల రద్దీలో, బస్సు ఎక్కే తోపులాటలో తీసినవి అవి. ఫోను పోయిన యాత్రికుడికి పోయేది ఫోను ఒక్కటే కాదు. దర్శనం టికెట్టు, రైలు టికెట్టు, వెంట వచ్చిన వాళ్ల నంబర్లు, అన్నీ అందులోనే ఉంటాయి. అలా పోగొట్టుకుని నా దుకాణానికే వచ్చి, ఒక్క కాల్ చేసుకోనివ్వండి అని అడిగినవాళ్లు ఉన్నారు. చేసుకోనిచ్చేవాణ్ణి. డబ్బు తీసుకునేవాణ్ణి కాదు. అలా చేస్తే చెల్లుకు చెల్లు అనుకునేవాణ్ణి.

బ్రహ్మోత్సవాలు ముగిసిన వారం ఒక ఫోను వచ్చింది. తెర ఒక మూల పగిలింది, వెనక నల్లని రబ్బరు కవరు. ఆ కవరు ఊడదీస్తే లోపల నాలుగు మడతలు పెట్టిన పది రూపాయల నోటు ఉంది. విప్పాను. నాలుగు మూలలా పసుపు. ఎవరో మొక్కుకుని ముడుపుగా దాచుకున్న నోటు. హుండీలో వేయడానికి కొండెక్కేలోపు ఫోనుతో పాటే పోయింది. ఆ నోటును కాసేపు చూశాను. పసుపు నా బొటనవేలికి అంటింది. ఆ తర్వాత దాన్ని గల్లాపెట్టెలో వేశాను. సాయంత్రం ఎవరికో చిల్లరగా ఇచ్చేశాను.

కేసులో పద్నాలుగు ఫోన్లు చూపించారు. పంచనామాలో ఒక్కో ఫోను పక్కన, ఏ ఫోనుకు ఆ ఫోనుకే ఉండే 15 అంకెల ఐఎంఈఐ నంబరు రాశారు. ఆ నంబర్ల మీదే నేను దొరికాను. పది రూపాయల నోటు సంగతి ఏ కాగితంలోనూ లేదు.

ఫోన్లు తెచ్చినతను మొదటి ముద్దాయి, నేను రెండవ ముద్దాయి. భారతీయ శిక్షాస్మృతి 411వ సెక్షను, దొంగసొత్తని తెలిసి తీసుకోవడం. మూడేళ్ల దాకా శిక్ష వేయవచ్చు. 2024 జులై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే నేరం 317వ సెక్షనులో ఉంది. నాకు 2019 ఫిబ్రవరిలో ఏడాది శిక్ష పడింది. అంతకుముందు రిమాండులో ఉన్న 48 రోజులు అందులోంచి తగ్గించారు. రిమాండు తిరుపతి సబ్‌జైలులో, శిక్ష చిత్తూరు జిల్లా జైలులో. 2019 డిసెంబరు చివర్లో బయటికి వచ్చాను. రోజులతో సహా లెక్కకట్టి వేశారు, రోజులతో సహా లెక్కకట్టి వదిలారు. ఆ లెక్క మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

వచ్చాక ఒక లాడ్జీలో గదులు ఊడ్చే పనికి కుదిరాను. మూడు నెలలు తిరగకుండానే, 2020 మార్చి 20న కొండమీద దర్శనాలు ఆగిపోయాయి. తిరుపతిలో పుట్టి పెరిగినవాడికి యాత్రికులు లేని తిరుపతి ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. అలిపిరి దారి ఖాళీ. గోవిందరాజస్వామి గుడి వీధుల్లో మధ్యాహ్నం పూట కూడా కాకులే. లాడ్జీ మూసేశారు. అప్పుడు రోడ్ల మీద తిరిగినవి పోలీసు జీపులు, అంబులెన్సులు, వీపున బ్యాగులు తగిలించుకున్న డెలివరీ బండ్లు. ఈ పని నేను చేయగలను అని మొదటిసారి అనుకున్నది అప్పుడే. లైసెన్సు ఉంది. ఊరు కొట్టినపిండి. లీలామహల్ సెంటరు నుంచి ఎం.ఆర్. పల్లె దాకా ఏ సందు ఎక్కడ తేలుతుందో ఫోను చూడకుండా చెప్పగలను. పైగా ఎవరి ముందూ కూర్చుని నా కథ చెప్పుకోవాల్సిన పనిలేదు, ఫోనులోనే చేరిపోవచ్చు. అదే నన్ను ఆకర్షించింది. తర్వాత దెబ్బ తీసినది కూడా అదే.

2021లో పాత బండి ఒకటి వాయిదాల మీద తీసుకుని మొదటి కంపెనీకి దరఖాస్తు చేశాను. ఆధారు, పాను కార్డు, లైసెన్సు, బ్యాంకు ఖాతా. చివర్లో ఒక ప్రశ్న. మీకు ఎప్పుడైనా క్రిమినల్ కేసులో శిక్ష పడిందా? అవును, లేదు. వేలు కాసేపు గాలిలో ఉంచి 'లేదు' మీద పెట్టాను. తప్పే. ఆ తప్పు కూడా నాదే.

పదకొండు రోజులు పనిచేశాను. ఎయిర్ బైపాస్ రోడ్డు హోటళ్ల ముందు పార్సిళ్ల కోసం నిలబడటం, మహిళా విశ్వవిద్యాలయం గేటు దగ్గర హాస్టలు అమ్మాయిలకు డబ్బాలు అందించడం, రాత్రి పదకొండుకు ఇల్లు చేరి పెట్రోలు ఖర్చు తీసేసి నోట్లు లెక్కపెట్టుకోవడం. ఆ పదకొండు రాత్రులూ మా ఆవిడ నిద్రపోకుండా కూర్చునేది. రోజుకు ఆరేడు వందలు మిగిలేది. పన్నెండో రోజు లీలామహల్ సెంటరులో సిగ్నలు పడి ఆగినప్పుడు ఫోను చూస్తే ఐడీ తెరుచుకోలేదు. నా మీద తనిఖీ పూర్తయింది. రావాల్సిన డబ్బు తర్వాతి వారం ఖాతాలో వేశారు, ఆ మాట కూడా చెప్పాలి. కానీ ఒక్క మనిషి కూడా మాట్లాడలేదు.

రెండో కంపెనీకి నిజం చెప్పాలని నిశ్చయించుకున్నాను. 'అవును' నొక్కాను. ఏ కేసు, ఎప్పుడు, ఎంత శిక్ష అని అడుగుతారేమో, రాసుకుందామని తీర్పు తేదీ కూడా గుర్తు చేసుకుని పెట్టుకున్నాను. పేజీ మారింది. మీ దరఖాస్తును ముందుకు తీసుకుపోలేము అని వచ్చింది. ఊపిరి తీసి వదిలినంత సేపు కూడా పట్టలేదు.

తర్వాత చేసిన పని రాయడానికి మనసు రావడం లేదు కానీ ఇలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లు చాలామంది అదే చేస్తారు కాబట్టి రాస్తున్నాను. మా బావమరిది పేరు మీద ఐడీ తీయించి నేను తిరిగాను. వచ్చినదాంట్లో వాడికి కొంత. ఆ యాప్ ఎప్పుడు పడితే అప్పుడు ముఖం చూపించమని అడుగుతుంది. అడిగినప్పుడల్లా కరకంబాడి రోడ్డులో వాడు పనిచేసే షెడ్డుకు పరుగెత్తి, వాడి ముఖం ముందు ఫోను పెట్టి మళ్లీ తిరిగి రావాలి. ఒకరోజు వేడివేడి భోజనం బ్యాగులో పెట్టుకుని అలా పోతుంటే తోచింది. ఎవరి భోజనమో చల్లారిపోతోంది. ఎవరి పేరుతోనో తిరుగుతున్నాను. దారిలో ఏ బండో గుద్దితే వాడి పేరు మీద కేసు రాస్తారు, ప్రమాద బీమా ఉన్నా నాకు వర్తించదు. మూడు వారాలకు మానేశాను. ఆ తర్వాత రేణిగుంట రోడ్డులో పార్సిళ్ల గోదాము నడిపే కాంట్రాక్టరు పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ తెమ్మన్నాడు. సరేనని వచ్చేసి మళ్లీ వెళ్లలేదు. తాపీపనికి ఇటుకలు అందిస్తూ మూడేళ్లు గడిపాను.

అప్పుడు వచ్చాడు ఈ అబ్బాయి.

వాకిట్లో వాడు, గుమ్మంలో నేను. మా ఆవిడ మంచినీళ్లు తెచ్చి ఇచ్చి లోపలికి వెళ్లింది. తీర్పులో నా పేరు పక్కన వయసు ఉంది, ఇరవై ఆరు. నీకు 2017లో ఎంత వయసు అని అడిగాను. పదో తరగతి అన్నా, అన్నాడు. పదో తరగతి చదువుతున్న పిల్లవాడు సెల్‌ఫోన్ దుకాణం నడిపి దొంగసొత్తు కొన్నాడని ఒక యంత్రం నమ్మింది. ఆ తీర్పు తెరిచి ఒక్క వరుస చదివిన మనిషి ఎవరూ లేరు.

నా ఐడీ ఆపేసినప్పుడు రాని కోపం ఆ రోజు వచ్చింది. నా తప్పు నా మెడకు చుట్టుకుంటే అది నేను మోయాల్సిందే. దారిన పోయే పిల్లవాడి మెడకు ఎందుకు చుట్టుకోవాలి?

మర్నాడు కూలి మానేసి వాణ్ణి తీసుకుని కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవాధికార సంస్థకు వెళ్లాను. రిమాండులో ఉన్నప్పుడు నాకు లాయరును పెట్టింది వాళ్లే. కస్టడీలో ఉన్నవాడికి ఉచితంగా న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతుంది. అక్కడ ఒక లాయరమ్మ కాగితాలన్నీ ఓపికగా చదివింది. తనిఖీ చేసే సంస్థలు ఎలా పనిచేస్తాయో ఆమె చెప్పాకే అర్థమైంది. కోర్టుల సైటులో పేరుతో వెతికితే కేసు నంబరు, పార్టీల పేర్లు, సెక్షన్లు, కేసు ఏ దశలో ఉందో వస్తాయి. వయసు, ఇంటి చిరునామా కావాలంటే తీర్పు తెరిచి చదవాలి. ప్రతి కేసుకూ అక్షరాలు, అంకెలు కలిపి 16 ఉండే సీఎన్ఆర్ నంబరు ఉంటుంది, అది కేసును గుర్తుపడుతుంది. మనిషిని గుర్తుపట్టేది పేరు ఒక్కటే. వెంకటేశులూ శ్రీనివాసులూ నిండిన మా జిల్లాలో పేరును పట్టుకుని మనిషిని తేల్చేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

నా సంగతి కూడా అడిగాను. అమ్మా, ఇది ఎంతకాలం ఉంటుంది? పద్దెనిమిదేళ్లలోపు పిల్లలైతే 2015 బాల న్యాయ చట్టం ప్రకారం చాలా కేసుల్లో ఆ రికార్డు కొన్నాళ్లకు తీసేయాలి, భవిష్యత్తుకు అది అడ్డుకాకూడదు అన్నారు. పెద్దవాళ్లకు అలా గడువు పెట్టి చెరిపేసే సాధారణ చట్టం మనకు లేదన్నారు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట కూడా వివరించారు. ఉద్యోగానికి పోయేవాడు కేసు సంగతి దాచకూడదు. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు, కానీ నేరం ఎలాంటిదో, ఉద్యోగం ఎలాంటిదో చూసి నిర్ణయించాలి. అది ప్రభుత్వ ఉద్యోగాల గురించి వచ్చిన తీర్పు. ఫోనులో 'అవును' నొక్కగానే మూసుకుపోయే పేజీకి అది చెప్పేదెవరు?

జైలులో నా శిక్షకు ఒక అంకె ఉంది. 365లోంచి 48 తీసేయగలిగారు. బయట అంకె లేదు. అయిదేళ్లు ఆగి రా అంటే ఆగుతాను. డబ్బు వసూలు చేసే ఆర్డర్లు ఇవ్వం, ముందే చెల్లించినవే ఇస్తాం అంటే ఒప్పుకుంటాను. అలా చెప్పడానికి కూడా ఎదురుగా ఎవరో ఒకరు ఉండాలి. 2020 సామాజిక భద్రతా కోడ్‌లో ఇలా యాప్‌ల మీద పనిచేసేవాళ్లకు వాడే 'గిగ్ వర్కర్' అనే మాటను పార్లమెంటు మొదటిసారి చట్టంలోకి తెచ్చిందని, బీమా లాంటి పథకాలకు కంపెనీలు తమ రాబడిలోంచి కొంత ఇవ్వాలని అందులో ఉందని లాయరమ్మ చెబితే సంతోషించాను. రైడర్లకు అది కావలసిందే. నేను ఇంకా ఆ మాటకు అవతల ఉన్నాను.

అబ్బాయి పనికి ఆమె మూడు కాగితాలు చెప్పారు. పుట్టినతేదీ ఉన్న పదో తరగతి సర్టిఫికెట్, కోర్టు ముద్ర వేసి ఇచ్చే తీర్పు సర్టిఫైడ్ కాపీ, ప్రమాణం చేసి రాసిచ్చే నా అఫిడవిట్. మూడోది తప్పనిసరి ఏమీ కాదు, మీ ఇష్టం, ఉంటే గట్టిగా ఉంటుంది అన్నారు.

కోర్టు బయట చెట్టు కింద వరుసగా టైపు చేసేవాళ్లు కూర్చుంటారు. ఒకాయన దగ్గర స్టూలు మీద కూర్చున్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని విషయం చెప్పండి అన్నాడు. చెప్పాను. ఒకసారి నా వైపు, ఒకసారి అబ్బాయి వైపు చూసి కీబోర్డు మీద వేళ్లు పెట్టాడు. ఒక్కో వాక్యం పైకి చదువుతూ కొట్టాడు. "పై నంబరు గల కేసులో రెండవ ముద్దాయిగా శిక్ష అనుభవించిన వ్యక్తిని నేనే. ఇదే పేరు, ఇదే తండ్రి పేరు కలిగిన చంద్రగిరి నివాసికి ఈ కేసుతో ఎటువంటి సంబంధమూ లేదు." పక్క స్టూలు మీద పొలం కాగితాలు రాయించుకుంటున్న ముసలాయన తల తిప్పి చూశాడు. చూడనీ అనుకున్నాను.

ఏడేళ్లలో నా గురించి ఎన్నో కాగితాలు రాశారు. పోలీసులు రాశారు, కోర్టు రాసింది, జైలు రాసింది. ఇది నేను రాయించుకున్న మొదటి కాగితం. నోటరీ లాయరు, ఇష్టపూర్వకంగానే సంతకం చేస్తున్నారా అని అడిగాడు. అవునన్నాను. 'అవును' అన్నందుకు ఆ రోజు ఏ తలుపూ మూసుకోలేదు. స్టాంపు కాగితం డబ్బు తను ఇస్తానని అబ్బాయి పట్టుబట్టాడు. ఇవ్వనివ్వలేదు. టీ తెచ్చిపెట్టాడు, తాగాను.

తొమ్మిది రోజులకు వాడి ఐడీ తెరిచారు. ఆ తొమ్మిది రోజులకు ముందు పోయిన ఇరవై ఆరు రోజుల కూలి ఎవరూ ఇవ్వలేదు. క్షమించమన్న ఒక్క మాటా రాలేదు. వాడు మాత్రం ఆ రోజు మొదటి ఆర్డరు ఇచ్చేసి నేరుగా మా ఇంటికి వచ్చి మా ఆవిడ చేతిలో అరటిపళ్లు పెట్టి వెళ్లాడు.

నాకు పని దొరికింది కూడా వాడి వల్లే. బైరాగిపట్టెడలో ఒక పెద్దావిడ కర్రీపాయింటు నడుపుతోంది. రుయా ఆసుపత్రిలో, స్విమ్స్‌లో రోగుల వెంట ఉండేవాళ్లకు రెండు పూటలా క్యారియర్లు పంపిస్తుంది. వాళ్లలో చాలామంది కడప, అనంతపురం, నెల్లూరు వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్లు. మంచం విడిచి రాలేరు. అబ్బాయి తన ఐడీ ఆగిపోయిన రోజుల్లో ఆమెకు క్యారియర్లు అందించాడు. ఇప్పుడు మనిషి కావాలని, మీ గురించి చెప్పానని అన్నాడు. ఏం చెప్పావు అని అడిగాను. జైలుకు వెళ్లొచ్చారని చెప్పాను, మిగతాది మీరే చెప్పండి అన్నాడు.

వెళ్లేసరికి ఆమె కింద కూర్చుని కరివేపాకు దూస్తోంది.

"ఏం చేశావు నాయనా?"

"దొంగసొత్తు కొన్నానమ్మా. 411 సెక్షను."

"సెక్షన్లు నాకేం తెలుస్తాయి? ఏం కొన్నావు? ఎవరివి?"

చెప్పాను. ఫోన్లు, యాత్రికులవి, పద్నాలుగు. అక్కడితో ఆపవచ్చు. ఆపలేకపోయాను. పసుపు నోటు సంగతి కూడా చెప్పాను. లాయరుకు చెప్పలేదు, మా ఆవిడకు చెప్పలేదు, ఆమెకు చెప్పాను. కరివేపాకు దూస్తున్న చేతులు ఆగాయి.

"ఆ నోటు ఏం చేశావు?"

"చిల్లరగా ఇచ్చేశానమ్మా."

చాలాసేపు మాట్లాడలేదు. పొయ్యి మీద చారు పొంగబోతే లేచి మంట తగ్గించి వచ్చింది.

"శనివారం నుంచి రా. మొదటి రెండు నెలలు డబ్బు వసూలు చేసే పని నీకు ఇవ్వను. క్యారియర్లు ఇచ్చి, ఖాళీవి తేవాలి. అంతే. తర్వాత చూస్తాను."

నాకు ఏడుపొచ్చింది. ఆమె నన్ను నమ్మనందుకు కాదు. రెండు నెలలు అన్నందుకు. జైలు నుంచి వచ్చాక నాకు అంకె చెప్పిన మొదటి మనిషి ఆమె.

క్యారియరుకు పదిహేను రూపాయలు. రోజుకు నలభై దాకా ఉంటాయి. ఇరవై గిన్నెల బరువు బండికి రెండు పక్కలా వేలాడుతుంటే ఆసుపత్రి ముందు గతుకుల్లో నెమ్మదిగా నడపాలి, పులుసు ఒలికితే ఆ రోజు ఎవరికో పూట తప్పుతుంది. ఏ వార్డులో ఏ మంచం పక్కన ఎవరు ఉన్నారో నాకు నోటికి వస్తుంది. ఒకరోజు క్యారియరు తీసుకోవడానికి మనిషి లేకపోతే ఎందుకు లేరో పక్కవాళ్లను అడగడానికి నోరు రాదు. రెండు నెలలు నిండిన మర్నాడు పెద్దమ్మ ఏమీ మాట్లాడకుండా గుడ్డసంచీ నా చేతిలో పెట్టింది. లోపల చిల్లర, వసూలు పుస్తకం, ఒక పెన్ను.

జైలు నుంచి వచ్చి ఇలాంటి పని వెతుక్కునే తమ్ముళ్లు ఎవరైనా ఇది చదివితే రెండు మాటలు. ఇంకొకరి ఐడీ మీద తిరగవద్దు, అది వాళ్లనూ ముంచుతుంది. మీ తీర్పు సర్టిఫైడ్ కాపీ ఒకటి తీసుకుని ఇంట్లో పెట్టుకోండి, ఏం జరిగిందో మీ నోటితో చెప్పేటప్పుడు చేతిలో కాగితం ఉంటే ధైర్యం. దారి తెలియకపోతే 15100కు ఫోను చేస్తే న్యాయ సహాయం గురించి చెబుతారు. కంపెనీలలో ఈ తనిఖీలు చూసేవాళ్లు ఎవరైనా చదివితే, దయచేసి తీర్పు తెరవండి. వయసు చూడండి. మనిషి వాడే అయితే ఎప్పటిదో, ఏమిటో అడగండి. వద్దనుకుంటే ఎంతకాలం వద్దో చెప్పండి.

నిన్న రాత్రి అబ్బాయి ఫోను చేశాడు. మళ్లీ తనిఖీ అంటున్నారట. మళ్లీ నా కేసే తేలిందట. పాత కాగితాలు పంపితే కొత్త తేదీతో కావాలన్నారట. ఫోనులో వాడి గొంతు నీరసంగా ఉంది. నీకెందుకు దిగులు, నేనున్నానుగా అన్నాను. మధ్యాహ్నం రుయాలో క్యారియర్లు ఇచ్చేసి కోర్టు దగ్గరికి వెళ్తాను. ఈసారి ఆరు ప్రతులు టైపు చేయించి, ఆరింటి మీదా సంతకం పెట్టి ఉంచుతాను. ఒకటి తీసుకుని సాయంత్రం క్యారియర్ల వేళకు ముందే చంద్రగిరి పోయి రావాలి.